పెద్ద ఆఫీసులో సహాయక సిబ్బందితో స్నేహం: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగాలి

పెద్ద సంస్థలో చేరిన మొదటి వారంలో మనకు పరిచయం చేసేవాళ్లంతా మన విభాగం వాళ్లే. మేనేజరు, ఆయన పైన మేనేజరు, పక్క బల్లల సహోద్యోగులు. గుమ్మం దగ్గర కార్డు చూసే సెక్యూరిటీ గార్డును, మనం రాకముందే బల్లలు తుడిచి వెళ్లిపోయే హౌస్‌కీపింగ్ ఆమెను, కంప్యూటర్ మొరాయిస్తే వచ్చే హెల్ప్‌డెస్క్ కుర్రాణ్ని, మన బిల్లులు పాస్ చేసే అకౌంట్స్ గుమాస్తాను ఎవరూ పరిచయం చేయరు. ఆ పని మనమే చేసుకోవాలి. నాకు దానికి నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లలో చేసిన పొరపాట్లే ఈ వ్యాసానికి ముడిసరుకు.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ విషయం మీద తరచుగా వినిపించే సలహా, "వాళ్లతో మంచిగా ఉంటే మన పనులు త్వరగా అవుతాయి" అనేది. నాకు అది మింగుడుపడదు. రోజుకు కొన్ని వందల ముఖాలు చూసే మనుషులు వాళ్లు. పని కోసం నవ్విన నవ్వును ఆమడ దూరంలోనే పసిగడతారు. నేను నేర్చుకున్నది దీనికి తలకిందులు. ముందు వాళ్ల పని ఎలా నడుస్తుందో తెలుసుకోవాలి, ఆ పనికి మనం అడ్డం కాకుండా ఉండాలి. స్నేహం కుదిరేదుంటే ఆ తర్వాత దానంతట అదే కుదురుతుంది.

మొదటి అడుగు: ఒక వారం గమనించండి

ఎవరితోనూ ప్రత్యేకంగా మాట్లాడనక్కరలేదు. మీ రోజు సాఫీగా గడవడానికి ఎందరి చేతులు పనిచేస్తున్నాయో చూడండి. రిసెప్షన్, టపా, లిఫ్టు, ఏసీ, విద్యుత్తు, వాహనాలు, శుభ్రత, మీటింగ్ గదుల ఏర్పాటు, స్టోర్స్. ఒక కాగితం మీద రాసుకుంటే సగానికి పైగా పేర్ల స్థానంలో ఖాళీలే కనిపిస్తాయి. నా కాగితంలో పద్నాలుగు పనులుంటే మూడు పేర్లు తెలిశాయి.

రెండు సంగతులు తప్పకుండా కనుక్కోండి. ఒకటి, ఎవరిది ఏ షిఫ్టు. చాలా పెద్ద భవనాల్లో శుభ్రం చేసే పని ఉద్యోగులు రాకముందో, వెళ్లిపోయాకో జరుగుతుంది. అందుకే మీ గదిని ఏళ్ల తరబడి ఊడ్చిన మనిషిని మీరు ఒక్కసారి కూడా చూసి ఉండకపోవచ్చు. రెండు, ఎవరి జీతం ఎవరిస్తారు. ఒకే గుమ్మంలోంచి వచ్చేవాళ్లలో కొందరు సంస్థ ఉద్యోగులు, మరికొందరు ఏజెన్సీ ద్వారా వచ్చిన కాంట్రాక్టు సిబ్బంది. సంస్థ పంపే ఈమెయిళ్లు వీరికి అందవు, వేడుకలకు పిలుపు రాదు, సెలవుల లెక్క వేరు, ఎప్పుడు ఏ భవనానికి మారుస్తారో వాళ్లకే తెలియదు. "రేపు సెలవు కదా, హాయి!" అని గార్డుతో ఒకసారి అన్నాను. ఆ సెలవు నాకు మాత్రమేనని ఆయన ముఖం చూశాక గానీ అర్థం కాలేదు.

రెండో అడుగు: పిలుపు సరిచేసుకోండి

తెలుగులో ఈ చిక్కు మరీ ఎక్కువ. మన భాషలో నోరు తెరిస్తే చాలు, అవతలి మనిషిని ఏ మెట్టు మీద నిలబెట్టామో బయటపడిపోతుంది. ఇరవై ఆరేళ్ల మేనేజరును "మీరు" అంటూ, యాభై ఏళ్ల అటెండరును "నువ్వు" అనేవాళ్లను రోజూ చూస్తాం. అలా అనే మనిషికి అది తప్పుగా తోచదు కూడా. ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. ఇదే వయసు మనిషి మీ పై అధికారి అయితే ఎలా పిలుస్తారు? ఇక్కడా అలాగే పిలవండి. "ఏయ్", "ఇదిగో", చిటికె వేయడం, చూపుడు వేలితో రమ్మనడం, ఇవి ఏ సందర్భంలోనూ వద్దు.

మెడలోని కార్డు మీద పేరుందని దాన్నే పట్టుకుని పిలవకండి. కార్డు మీది పేరు ఒకటి, అందరూ పిలిచే పేరు ఇంకొకటి ఉండవచ్చు. "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అని అడిగితే సరిపోతుంది. పేరు మరిచిపోతే దాచుకోకండి. "మీ పేరు చెప్పారు, నేనే మరిచిపోయాను" అంటే ఎవరూ నొచ్చుకోరు. ఆర్నెల్లు పేరు లేకుండా నెట్టుకొచ్చి, ఏడో నెలలో అడగడమే ఇబ్బంది.

"అన్నా", "అమ్మా" అనే పిలుపుల్లో ఆప్యాయత ఉంది, కాదనను. కానీ మీరు "అన్నా" అంటుంటే అవతలినుంచి "సార్" అనే వస్తోందంటే, ఆ వరస ఒకవైపే నడుస్తోందన్నమాట. నేనైతే పేరు చివర "గారు" చేర్చి మొదలుపెడతాను. వరసలు కలుపుకోవాలో వద్దో వాళ్లకే వదిలేస్తాను.

మూడో అడుగు: మాట కలపడానికి వేళ చూడండి

సంభాషణ చిన్నదిగా ఉండాలి, మళ్లీ మళ్లీ జరగాలి. ఒకే రోజు పదిహేను నిమిషాలు మాట్లాడి నెల రోజులు మాయమయ్యేకంటే, రోజూ ఒక్క వాక్యం మేలు. "నిన్న కనిపించలేదు, సెలవా?" అన్న మాటకు ఉన్న బలం వాతావరణం గురించి మాట్లాడితే రాదు. ఎందుకంటే మీరు నిన్న వాళ్ల కోసం చూశారని అందులో తెలుస్తుంది.

రెండు చేతులూ నిండా పనున్నప్పుడు, ముందు వరస ఉన్నప్పుడు, షిఫ్టు మారే సమయంలో రిజిస్టరు, తాళాలు అప్పగించుకుంటున్నప్పుడు పలకరించి ఆపకండి. తల ఊపి వెళ్లిపోండి.

గిలియన్ శాండ్‌స్ట్రామ్, ఎలిజబెత్ డన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2014లో ఒక ప్రయోగ ఫలితాలు ప్రచురించారు. కాఫీ దుకాణంలో కౌంటర్ దగ్గరి మనిషితో చిరునవ్వుతో రెండు మాటలు మాట్లాడినవాళ్లు, గబగబా డబ్బిచ్చి వెళ్లిపోయినవాళ్లకంటే ఎక్కువ సంతోషంగా ఉన్నట్లు తేలింది. బాగుంది. అయితే ఆ సంతోషం కొనడానికి వచ్చినవాళ్లది. బల్లకు అవతల ఉన్న మనిషికి ఆ పలకరింపు వందోది కావచ్చు. నవ్వడమే ఉద్యోగంలో భాగమైన పరిస్థితికి సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లోనే "భావోద్వేగ శ్రమ" అని పేరు పెట్టారు. రిసెప్షన్‌లో ఉన్నామె మీకు బదులు చెప్పక తప్పదు, ముఖం చాటేసే వీలు ఆమెకు లేదు. కాబట్టి మాట ముగించే బాధ్యత మీదే. ఆమె చూపు కంప్యూటర్ తెర మీదికి రెండోసారి వెళ్లిందంటే మీరు కదలాల్సిన సమయం వచ్చినట్లే.

నాలుగో అడుగు: వాళ్ల పని ఎలా నడుస్తుందో తెలుసుకోండి

నా దృష్టిలో మొత్తం వ్యవహారానికి ఇదే ఆయువుపట్టు, అందుకే దీని గురించి కాస్త వివరంగా.

ముందు హెల్ప్‌డెస్క్. చేరిన కొత్తలో నా కీబోర్డులో ఒక మీట పనిచేయడం మానేసింది. టికెట్ పెట్టి, అంటే సమస్యను వాళ్ల కంప్యూటర్ జాబితాలో నమోదు చేసి, పైన "అత్యవసరం" అని రాశాను. గంటకు ఫోను చేశాను. మధ్యాహ్నానికి నేరుగా వాళ్ల గదికి వెళ్లాను. అక్కడున్న కుర్రాడు ఏమీ అనకుండా తన తెరను నావైపు తిప్పాడు. వరుసగా టికెట్లు. మూడో అంతస్తు మొత్తానికి నెట్‌వర్క్ లేదు. జీతాల విభాగంలో సర్వర్ ఆగిపోయింది. వాటి మధ్య నా కీబోర్డు, అత్యవసరం. "సార్, ఈ రోజు వచ్చిన నలభైలో ముప్పై ఒకటి అత్యవసరమే" అన్నాడు.

తర్వాత తెలిసింది, చాలా హెల్ప్‌డెస్కుల్లో ప్రాధాన్యం మన కేకలను బట్టి నిర్ణయం కాదని. ఐటీ సేవలు ఎలా నడపాలో చెప్పేందుకు బ్రిటన్ ప్రభుత్వ సంస్థ 1980లలో రూపొందించిన ఐటీఐఎల్ పద్ధతుల ప్రభావం ఈ రంగమంతా ఉంది. అందులో రెండు ప్రశ్నలు చూస్తారు. ఈ సమస్య ఎంతమంది పనిని దెబ్బతీస్తోంది? ఎంతసేపు ఆగగలం? ఈ రెండింటినీ కలిపి వరసలో స్థానం ఇస్తారు. కనుక టికెట్‌లో విశేషణాలు కాకుండా వివరాలు రాయండి. ఏం చేస్తుండగా ఆగింది, తెర మీద కనిపించిన సందేశం ఉన్నదున్నట్లుగా, ఎప్పటినుంచి, మీ ఒక్కరికేనా పక్కవాళ్లకూ ఉందా, ఆపి మళ్లీ ఆన్ చేశారా, మీరు బల్ల దగ్గర ఏ వేళల్లో ఉంటారు. ఈ ఆరు సంగతులుంటే అవతలి మనిషికి రెండు ఫోన్లు తప్పుతాయి.

ఇంకొకటి ఉంది, పరిచయం పెరిగాక అందరూ చేసే పొరపాటు. "మనవాడే కదా" అని టికెట్ లేకుండా కారిడార్‌లో ఆపి పని చెప్పడం. వాళ్ల నెలవారీ పని లెక్క టికెట్ల మీదే నడుస్తుంది. మీకోసం పెట్టిన ముప్పావుగంట ఏ లెక్కలోకీ రాదు. పైగా వరసలో ఉన్న టికెట్ గడువు దాటితే మాట పడేది వాళ్లే. స్నేహితుడి నెత్తిన లెక్కకు రాని పని పెడుతున్నామన్నమాట. అతను ఎంత పరిచయమైనా టికెట్ పెట్టండి.

ఇక శుభ్రత. ఒకరోజు పెందలాడే వచ్చాను. హౌస్‌కీపింగ్ ఆమె నా బల్ల తుడుస్తోంది. కాగితాల కట్ట దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగింది. తడి గుడ్డ ఆ కట్ట అంచు వెంబడే నాలుగు వైపులా జాగ్రత్తగా తిరిగింది. ఆమె వెళ్లాక కట్ట ఎత్తి చూశాను. కింద దీర్ఘచతురస్రం ఆకారంలో దుమ్ము, చుట్టూ తళతళలాడే చెక్క. మర్నాడు అడిగాను, ఆ కాగితాలు పక్కకు జరిపి తుడవవచ్చు కదా అని. "ముట్టుకున్నాక ఒక్కటి కనబడకపోయినా నా మీదికే వస్తుంది సార్" అంది. ఆమె నిర్లక్ష్యం అని నేను ఇన్నాళ్లూ అనుకున్నది ఆమె జాగ్రత్త. ఆ సాయంత్రం నుంచి ఇంటికి వెళ్లేముందు కాగితాలు సొరుగులో పెడుతున్నాను. పారేయాల్సినవి నేలమీద, బల్లమీద కాకుండా బుట్టలోనే వేస్తున్నాను. అర నిమిషం పని. మా మధ్య మాటలు పెరిగింది ఆ తర్వాతే.

ఎమీ రెజ్నెస్కీ, జేన్ డటన్ అనే పరిశోధకులు 2001లో రాసిన పరిశోధన వ్యాసంలో ఆసుపత్రి శుభ్రత సిబ్బంది గురించి ఒక పరిశీలన ఉంది. ఒకే పని చేస్తున్నా కొందరు తమ పనిని ఊడవడం, తుడవడం వరకే చూశారు. మరికొందరు రోగి కోలుకోవడంలో తమకూ పాత్ర ఉందనుకుని, రోగులతో, వాళ్లను చూడవచ్చినవాళ్లతో మాట కలిపారు. ఎవరు తమ పనిని ఎలా చూస్తున్నారో మనకు బయటినుంచి తెలియదు. అందుకని "పాపం" అనే చూపుతో మొదలుపెట్టకండి.

సెక్యూరిటీ దగ్గర మనకు వచ్చే చిరాకు ఒకటే. రోజూ చూస్తున్న మనిషే మళ్లీ కార్డు అడుగుతాడేమిటి? దీనికి జవాబుగా నేను తరచూ చెప్పే కథ ఒకటుంది. 1972 జూన్ 17న వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో ఫ్రాంక్ విల్స్ అనే రాత్రి కాపలాదారు, ఒక తలుపు గొళ్లెం పడకుండా టేపు అతికించి ఉండటం చూశాడు. ఎవరో పనివాళ్లు మరిచిపోయారనుకుని పీకేశాడు. తర్వాత మళ్లీ అటు వస్తే టేపు మళ్లీ ఉంది. పోలీసులకు ఫోను చేశాడు. లోపల, నిక్సన్ ప్రత్యర్థి పార్టీ కార్యాలయంలో, ఐదుగురు దొరికారు. ఆ తీగ లాగితే కదిలిన డొంక 1974 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ రాజీనామా దాకా వెళ్లింది. రెండోసారి కూడా చూడటమే ఆ ఉద్యోగం.

కాబట్టి అడగకముందే కార్డు చూపించండి. మీ వెనక వచ్చేవాళ్ల కోసం మర్యాదకని తలుపు పట్టుకుని నిలబడకండి, ఎవరి కార్డు వాళ్లు వాడనివ్వండి. కార్డు మరిచిపోయిన రోజు "నేను మీకు తెలుసు కదా" అని మొహమాటపెట్టకండి. ఆయన వదిలితే నియమం తప్పినట్లు, వదలకపోతే స్నేహం తప్పినట్లు. నేరుగా సందర్శకుల రిజిస్టరు దగ్గరికి వెళ్లి సంతకం పెట్టండి. గార్డు గారు మీకిచ్చే గౌరవం ఆరోజునుంచి మారుతుంది.

అకౌంట్స్ వాళ్ల గురించి రెండే ముక్కలు. నెలాఖరున ఏమీ అడగకండి. బిల్లు లేకుండా ఖర్చు రాసిస్తే వాళ్లు కొర్రీ వేసేది మీమీద కోపంతో కాదు, రేపు ఆడిటరు అడిగేది వాళ్లనే. ఏసీ సంగతి ఇంకా సులువు. ఒకే థర్మోస్టాట్ కింద పదిహేనుమంది కూర్చుంటారు, అందులో ఏడుగురికి చలి, ఐదుగురికి ఉక్క. ఫోను చేసేముందు పక్కవాళ్లతో ఒక మాటకు రండి.

ఐదో అడుగు: సాయం అడిగే తీరు

మనుషులు సాయం చేస్తారా అనే విషయంలో మన అంచనా తరచుగా తక్కువే. ఫ్రాన్సిస్ ఫ్లిన్, వెనెసా లేక్ 2008లో ప్రచురించిన ప్రయోగాల్లో, సాయం అడగబోయేవాళ్లు ఎంతమంది ఒప్పుకుంటారనుకున్నారో అంతకంటే చాలా ఎక్కువమంది ఒప్పుకున్నారు. దీనికి ఒక కారణం, ముఖం మీద కాదనడం ఎవరికైనా కష్టమే. సహాయక సిబ్బందికి అది మరీ కష్టం. అందువల్ల వాళ్లు "సరే" అన్నంత మాత్రాన నిజంగా సరేనని కాదు. పని వాళ్ల విధుల్లో ఉందా లేదా చూసుకుని అడగండి. లేకపోతే, కాదనడానికి తలుపు తెరిచి ఉంచి అడగండి. "ఇది మీ పని కాదని తెలుసు. కుదరకపోతే ఎవరిని అడగాలో చెప్పండి చాలు."

సొంత పనులు మాత్రం ఎప్పుడూ వద్దు. బ్యాంకుకు పంపడం, ఇంటి సామాను తెప్పించడం, పిల్లల ఫీజు కట్టించడం, ఇవేవీ స్నేహం ఖాతాలో వేయకండి.

ఆరో అడుగు: మెచ్చుకోలు కాగితం మీద పెట్టండి

అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో ప్రచురించిన అధ్యయనంలో కృతజ్ఞతతో లేఖలు రాసినవాళ్లు, అది అందుకున్నవాళ్లకు ఎంత సంతోషం కలుగుతుందో తక్కువగా ఊహించారు, ఎంత ఇబ్బందిగా ఉంటుందో ఎక్కువగా ఊహించారు. "ఏమనుకుంటారో" అని మానేసిన ఎన్నో థాంక్సులు గుర్తొచ్చి అది చదివినప్పుడు నాకు సిగ్గేసింది.

నోటిమాట మంచిదే. కాంట్రాక్టు ఉద్యోగికి మాత్రం కాగితం ఇంకా మంచిది. ఫిర్యాదు ఎలాగూ ఫైల్లోకి చేరుతుంది, మెచ్చుకోలు గాలిలో కలిసిపోతుంది. సూపర్‌వైజరుకు నాలుగు వాక్యాలు రాయండి. "నిన్న సాయంత్రం ఐదో అంతస్తులో నీళ్ల గొట్టం పగిలింది. మీ ప్లంబరు ఫలానా గారు వెంటనే వచ్చి ప్రధాన వాల్వు ఆపారు. మా ఫైళ్ల గది తడవకుండా దక్కింది. ఈ సంగతి ఆయన రికార్డులో చేర్చగలరు." పేరు, రోజు, చేసిన పని, దానివల్ల ఒరిగింది. అంతే. "మంచి మనిషి, ఎప్పుడూ నవ్వుతూ ఉంటారు" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు.

ఒక జాగ్రత్త. నియమం సడలించి చేసిన మేలును కాగితం మీద పొగడకండి. "కార్డు లేకపోయినా లోపలికి వదిలారు" అని ఒక సహోద్యోగి ఎంతో అభిమానంగా రాశాడు. ఆ గార్డును పిలిచి సంజాయిషీ అడిగారు.

ఏడో అడుగు: డబ్బు, కానుకలు, వేడుకలు

ఏదైనా ఇచ్చేముందు సంస్థ నియమాలు, ఏజెన్సీ నియమాలు రెండూ కనుక్కోండి. చాలాచోట్ల సిబ్బంది డబ్బు తీసుకోకూడదు. మీరు ప్రేమగా చేతిలో పెట్టింది వాళ్ల ఉద్యోగానికే ఎసరు పెట్టవచ్చు. ఇచ్చేదేదైనా ఆ బృందంలో అందరికీ ఇవ్వండి, రాత్రి షిఫ్టుతో కలిపి. మనకు ముందుగా కనబడే రిసెప్షన్‌కు డబ్బా అందుతుంది, కనబడని రాత్రి కాపలాకు అందదు.

విభాగంలో వేడుక చేసుకుంటే పిలవాల్సింది మొదట్లో. అంతా అయ్యాక "మిగిలినవి తీసుకెళ్లండి, అలాగే కాస్త శుభ్రం చేసేయండి" అనడం ఆహ్వానం కాదు. వాళ్ల షిఫ్టు వేళ వదిలి రాలేరేమో సూపర్‌వైజరును ముందే అడగండి. ఒక పావుగంట అనుమతి దొరకడం పెద్ద కష్టమేమీ కాదు.

ఎనిమిదో అడుగు: తప్పు జరిగినప్పుడు

స్నేహానికి అసలు పరీక్ష ఇదే. చిన్న లోపమైతే నేరుగా, పక్కన ఎవరూ లేనప్పుడు చెప్పండి. మనిషిని కాకుండా పనిని చెప్పండి. "మీరు సరిగా తుడవరు" అనకుండా "కిటికీ పక్క మూలలో రెండు రోజులుగా చెత్త ఉంది" అనండి. వెనక కారణం ఉండవచ్చు. ఇద్దరు చేసే అంతస్తును ఒక్కరికే అప్పగించి ఉండవచ్చు. అప్పుడు ఫిర్యాదు రాయాల్సింది ఆ మనిషి మీద కాదు, సిబ్బంది సంఖ్య మీద.

సంస్థ ఉద్యోగి మీద ఫిర్యాదు వస్తే విచారణ ఉంటుంది. కాంట్రాక్టు మనిషి మీద వస్తే, ఒక్కోసారి మర్నాడు ఆ స్థానంలో వేరే మనిషి కనిపిస్తాడు. రాసేముందు ఈ తేడా గుర్తుంచుకోండి. అయితే ప్రాణాపాయం, దొంగతనం, వేధింపు వంటివి స్నేహం పేరుతో దాచేవి కావు. నేరుగా పైకి చెప్పాల్సినవే.

తప్పు మనదైతే అందరి ముందూ ఒప్పుకోవాలి. అరిచింది అందరి ముందూ, క్షమాపణ చాటుగానా?

హద్దుల సంగతి

జీతమెంత, ఇంట్లో ఎవరెవరు, ఎందుకింకా పెళ్లి కాలేదు, ఇవి మనం అడగాల్సిన ప్రశ్నలు కావు. వాళ్లంతట వాళ్లు చెబితే వినాలి. వాళ్లు అడిగితే మన సంగతులు చెప్పాలి. గార్డునో డ్రైవరునో పట్టుకుని ఎవరెప్పుడు వచ్చారు, పై అధికారి ఎవరితో వెళ్లారు అని ఆరా తీయడం మరీ ప్రమాదం. ఆ కబురు బయటికి పొక్కితే మన ఉద్యోగానికేమీ కాదు, ముప్పు వాళ్ల ఉద్యోగానికే.

వాళ్ల కష్టం విని ఆవేశపడి, "నేను మాట్లాడతాను" అని మాటివ్వకండి. ఒకసారి అలాగే వెళ్లి, హౌస్‌కీపింగ్ వాళ్లకు కూర్చునే చోటు లేదని ఒక మేనేజరుకు చెప్పాను. ఆయన మొదట అడిగింది "మీకెవరు చెప్పారు?" అని. నేను పేరు చెప్పలేదు గానీ, ఊహించడం ఎంతసేపు? ఇప్పుడైతే "ఇది పైకి చెప్పమంటారా? మీ పేరు లేకుండా చెప్పనా?" అని అడిగి, వద్దంటే ఊరుకుంటాను.

వాళ్లతో దిగిన ఫొటో అందరికీ చూపించుకోవాలనిపిస్తే, ఆ ఫొటో ఎవరికోసమో ఒక్క క్షణం ఆలోచించండి. నా సలహా, పెట్టకండి.

వాళ్లు మారిపోయినప్పుడు

కాంట్రాక్టు గడువు ముగుస్తుంది, ఏజెన్సీ మారుతుంది, ఒక సోమవారం ఉదయం గుమ్మం దగ్గర కొత్త ముఖం ఉంటుంది. పాత మనిషికి వీడ్కోలు చెప్పే వీలు చాలాసార్లు దొరకదు. అందుకే మెచ్చుకోలు రాసినప్పుడల్లా సూపర్‌వైజరుకు పంపడంతో ఆగకుండా ఒక ప్రతి తీసి ఆ మనిషి చేతికివ్వండి. సంస్థ పేరున్న కాగితం మీద అయితే ముందు మీ మేనేజరు అనుమతి తీసుకోండి. పైవాళ్ల ఫైళ్లలో ఉన్నది వాళ్ల వెంట వెళ్లదు. చేతిలో ఉన్నది వెళుతుంది, తర్వాతి చోట ఉద్యోగం అడిగేటప్పుడు చూపించుకోవచ్చు. మా పాత గార్డు గారు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కార్డు కవర్లో, తన ఫొటో వెనక దాచుకున్నారు.